ఉప్పాడ జాందానీ వెబ్‌సైట్లు: డొమైన్ పేరు బదిలీకి నిబంధనలు

ఉప్పాడ: ఉప్పాడ జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఆ గుర్తింపు ఉన్నంత మాత్రాన వెబ్ చిరునామా, అనగా డొమైన్ పేరు, నేతకారులకు సంక్రమించదు. దానిని వేరుగా నమోదు చేయించుకోవలసి ఉంటుంది.

.కామ్ వంటి పేర్లకు అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నిబంధనలు వర్తిస్తాయి. పేరు నమోదైన లేదా బదిలీ అయిన 60 రోజులలోపు మరో రిజిస్ట్రార్‌కు మార్చదలచినచో నిరాకరించవచ్చు. పిదప హక్కుదారు కోరినచో, ప్రస్తుత రిజిస్ట్రార్ 5 రోజులలో బదిలీ కోడ్ ఇవ్వవలసి ఉంటుంది.

చిక్కంతా హక్కుదారు ఎవరన్న దానిలోనే ఉంది. వెబ్‌సైట్ తయారీదారు తన పేర నమోదు చేసుకొని ఉంటే, రుసుము సంఘమే చెల్లించినా నిబంధనల దృష్టిలో హక్కుదారు అతడే. ఆ పేరును సంఘం పేరుకు మార్పించుకున్నప్పటికీ మరో 60 రోజులు బదిలీ నిలిచిపోయే అవకాశం ఉన్నందున, సంక్రాంతి అమ్మకాల వరకు వేచి ఉండక నమోదు వివరాలను ఇప్పుడే సరిచూసుకోవలసిందిగా సంఘాలను కోరడమైనది.