రైతు ఇంట చిన్న మరమ్మతు కార్ఖానా – కూలెంటు ఎంపిక

నాట్లు పడిన వారమునకే పంపు షాఫ్టు అరిగి మోటారు ఆగిపోయినచో, రైతుకు కలుగు నష్టము మరమ్మతు కూలితో తీరునది కాదు. షాఫ్టును పట్టణమునకు చేర్చి, లేతు వద్ద వంతుకు కాచుకొని, తిరిగి తెచ్చి బిగించునప్పటికి రెండు మూడు దినములు గడచును. ఈలోగా మడి నెర్రెలు వారును. ఈ కారణముచేతనే, ఐ.టి.ఐ.లో టర్నరు లేక ఫిట్టరు పని నేర్చిన యువకులు గల రైతు కుటుంబములు ఇంటివద్దనే చిన్న లేతు పెట్టుకొనుటకు ఉత్సాహపడుచున్నవి. ఇది మంచిదే. అయితే యంత్రమును కొనుటలో చూపు శ్రద్ధ, దానితో వాడు కూలెంటు విషయమున కూడ చూపవలెను.

ఎవరికి తగును?

లేతు పని తెలిసిన మనిషి ఇంట లేనిదే యంత్రము కొనరాదు. ఒక కుటుంబపు పనికే లేతు గిట్టుబాటు కాదు. ఇరుగుపొరుగున ఐదారుగురు రైతులు కలిసి పెట్టుకొనుటయో, ఊరి పంపుసెట్లు, ట్రాక్టర్ల పని ఏడాది పొడవున దొరకుననుకొన్నప్పుడు పెట్టుటయో మేలు.

కావలసిన సామగ్రి

నాలుగున్నర నుండి ఆరు అడుగుల పొడవు గల లేతు, 13 మిల్లీమీటర్ల వరకు బెజ్జము వేయు డ్రిల్లు, సానరాయి యంత్రము, గట్టి బల్లపై బిగించిన వైసు, వెర్నియరు, మైక్రోమీటరు ఉన్నచో మొదటికి చాలును. పాత లేతు కొనువారు రంగు చూచి మోసపోరాదు. పని తెలిసినవారిని వెంట తీసుకొనిపోయి, చక్కు ఊగుచున్నదేమో, బెడ్డు చక్కునకు దగ్గరగా అరిగినదేమో పరీక్ష చేయించవలెను.

పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు గల షెడ్డు సరిపోవును. నేల సిమెంటు కాంక్రీటుతో గట్టిగా ఉండవలెను. లేతును స్పిరిట్ లెవెలుతో సరిచూచి బోల్టులతో బిగించనిచో, ఎంత మంచి యంత్రమైనను ఒక చివర లావు, ఒక చివర సన్నము గల షాఫ్టునే ఇచ్చును. పశువుల కొట్టము, ఎరువుల నిల్వ, పురుగు మందుల గది దీనికి దూరముగా ఉండవలెను.

పంపుసెట్టు కనెక్షను నుండి కార్ఖానాకు తీగ లాగరాదు. దీనికి వేరుగా కనెక్షను తీసుకొని, ఎర్తు వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపు రక్షణ స్విచ్చిని పెట్టించవలెను. కూలెంటు తడి ఉన్నచోట ఇది ప్రాణరక్షణ.

కూలెంటు చేయు పని

లోహమును కోయునప్పుడు రాపిడి వలన టూలు మొన వేడెక్కును. హైస్పీడు ఉక్కు టూలు సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద తన గట్టిదనమును కోల్పోవును. అమెరికాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారమున 1880 తర్వాతి సంవత్సరములలో ఫ్రెడరిక్ టేలర్, కోతపై నీటిధారను ధారాళముగా పోసినచో కోత వేగమును 30 నుండి 40 శాతము పెంచవచ్చునని కనుగొనెను. నీరు చల్లార్చుటలో మేటి. నూనె రాపిడి తగ్గించుటలో మేటి. వట్టి నీటి వలన తుప్పు పట్టును. కనుక నీటిలో కలియు సాల్యుబుల్ ఆయిల్ వాడుకలోనికి వచ్చినది.

ఏ లోహమునకు ఏది?

పంపు షాఫ్టు, పిన్నులు, బోల్టులు మొదలగు మామూలు ఉక్కు పనికి: సాల్యుబుల్ ఆయిల్ ఒక పాలు, నీరు 20 పాళ్లు. హైస్పీడు టూలుతో మెత్తని ఉక్కును నిమిషమునకు సుమారు 30 మీటర్ల వేగమున కోయవచ్చును. అనగా 50 మిల్లీమీటర్ల షాఫ్టు నిమిషమునకు సుమారు 190 చుట్లు తిరుగవలెను.

బోరు పంపుల స్టెయిన్‌లెస్ షాఫ్టులకు: ఒక పాలు నూనె, 10 పాళ్లు నీరు.

మరలు కోయుటకు, ట్యాపు వేయుటకు: గంధకము కలిపిన చిక్కని కటింగ్ ఆయిల్. ఇది ఇత్తడి, కంచు, రాగి వస్తువులను నల్లబరచును. కనుక వాటికి వాడరాదు.

కప్పీలు, పంపు కేసింగులు వంటి బీడు వస్తువులకు: ఏమియు అక్కరలేదు. బీడులోని గ్రాఫైటే రాపిడిని తగ్గించును. నూనె పోసినచో రజను దానితో కలిసి సానముద్దవలె మారి లేతు బెడ్డును అరుగదీయును.

ఇత్తడి బుష్షులకు: సాధారణముగా పొడిగానే కోయవచ్చును.

అల్యూమినియమునకు కిరోసిన్ పోయుట పాత అలవాటు. కిరోసిన్ ఆవిరి 35 డిగ్రీల వద్దనే నిప్పందుకొనవచ్చును. మన వేసవి ఎండ అంతకు మించినది. కనుక సాల్యుబుల్ ఆయిల్ నీటినే వాడుట క్షేమము.

కార్బైడు టూలు వాడువారు ధార తెగకుండ పోయవలెను, లేనిచో అసలే పోయరాదు. కాలిన మొనపై అప్పుడప్పుడు చుక్కలు చిలుకరించినచో అది పగులును.

కలుపు విధము

ఇ.సి. రకపు పురుగు మందు నీటిలో పాలవలె తెల్లబారుట రైతులెరిగినదే. సాల్యుబుల్ ఆయిల్ కలియుటయు అట్టిదే. ముందు నీరు తీసుకొని, కలుపుచు నూనెను కొంచెము కొంచెముగా పోయవలెను. నూనెలో నీరు పోసినచో పెరుగు గడ్డవలె ముద్దకట్టును. లీటరు నీటికి 50 మిల్లీలీటర్లు పోసినచో ఒకటికి ఇరువది పాళ్లగును. అయినను డబ్బాపై తయారీదారు వ్రాసిన పాళ్లను ముందుగా చూడవలెను.

సున్నపు లవణములు ఎక్కువగా గల బోరు నీటిలో నూనె విరిగి పైకి తేలును. ఉప్పునీటి వలన తుప్పు పట్టును. సీసాలో కొంచెము కలిపి రాత్రియంతయు కదల్చక ఉంచి చూడుడు. ఉదయమునకు పైన మీగడ, ముద్దలు కట్టినచో ఆ నీరు పనికిరాదు. వాన నీటిని పట్టి వాడవలెను.

ఇంటి కార్ఖానాకు ముఖ్య సూత్రము

వారమునకు కొద్ది గంటలే నడచు లేతుకు, తొట్టినిండ కూలెంటు కలిపి పంపుతో తిప్పుట తగదు. వాడక నిలిచిన కూలెంటులో సూక్ష్మజీవులు పెరిగి దుర్వాసన పట్టును, చర్మమునకు దురద కలుగును. ఆనాటి పనికి సరిపడ లీటరు, రెండు లీటర్లు కలిపి, డబ్బా నుండి సన్నని ధారగా వదలుకొనవలెను. మరలు కోయునప్పుడు కుంచెతో పూసిన చాలును. ఇట్లు చేసినచో ఖర్చు తగ్గును, పారవేయవలసినదియు తగ్గును.

జాగ్రత్తలు

కలిపిన కూలెంటు చూచుటకు మజ్జిగవలె ఉండును. దానిని చెంబులలో, తాగునీటి సీసాలలో ఉంచుట పిల్లలకు ప్రాణాపాయము. పేరు వ్రాసిన డబ్బాలో ఎత్తున భద్రపరుపుడు. పురుగు మందుల డబ్బాలను, స్ప్రేయర్లను దీనికి వాడరాదు.

ట్రాక్టరు నుండి తీసిన పాత ఇంజను నూనెను కోతకు పోయుట కొన్నిచోట్ల అలవాటు. దానిలో కాన్సరు కలిగించు పదార్థములుండును. చర్మమునకు అంటు పనికి దానిని వాడనే వాడరాదు.

పంచె, తువ్వాలు, ఉంగరములు, చేతి తొడుగులతో తిరుగు లేతు వద్దకు పోరాదు. కళ్లద్దములు తప్పక ధరించవలెను. పని ముగిసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

వాడిన కూలెంటును బావి గట్టునగాని, కాలువలోగాని, పెరటి చెట్ల మొదటగాని పోయరాదు. నూనె పట్టిన నేలలో గాలి ఆడక వేళ్లు చెడును. బావిలో చేరినచో తాగు నీరు పాడగును. దానిని వెడల్పు రేకు పళ్లెములో, పశువులు చేరని చోట, వాన తగులకుండ ఎండనిచ్చి, మిగిలిన నూనెను వరి ఊకకు పట్టించి మూత గల డబ్బాలో నిల్వచేయవలెను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల క్రింద వాడిన నూనె ప్రమాదకర వ్యర్థము. కావున నూనెను, నూనె పట్టిన ఊకను అనుమతి గలవారికే అప్పగించవలెను. గ్రామాధికారులు ఊరిలోని కార్ఖానాల నుండి దీనిని ఒకచోట చేర్పించినచో అందరికి సులువగును.

ఒక డబ్బా సాల్యుబుల్ ఆయిల్, ఒక చిన్న డబ్బా మరల నూనె, బీడుకు ఒక పొడి కుంచె – ఇంటి కార్ఖానాకు ఇవి మూడు చాలును. లోహము నెరిగి, కావలసినంతే కలిపి, మిగిలినది నేలకు చేరనీయని రైతు పంపును బాగు చేసుకొనుటతోపాటు, ఆ పంపు తోడు నీటిని కూడ కాపాడుకొనిన వాడగును.