చీకటిగదిలో దీపస్తంభము

‘రంగము పోయినాడు’ అన్న మాట ఒకప్పుడు మన తూర్పుతీరపు గ్రామములలో మిక్కిలి పరిచితమైనది. కాకినాడ, విశాఖపట్టణములలో ఓడలెక్కి రంగూను రేవున దిగి, కోరంగి రేవు పేరిట అచటివారిచే ‘కోరంగీ’లని పిలువబడిన తెలుగువారిలో కొందరికి మిగిలిన గురుతు బొటనవ్రేలంత ముఖచిత్రము. అట్టి చిన్న పటమును స్టూడియోకు గొనిపోయి, ‘ఎన్లార్జిమెంటు’ చేయించి, దండవేసి గోడకు తగిలించుట మన యిండ్ల యాచారము. ఆ యాచారమునకు ఆధారభూతమైన యంత్రమే ఎన్లార్జరు.

నేడు యాంగోన్ అనబడు ఆ నగరమునకు ఛాయాగ్రహణముతోడి పరిచయము పాతది. 1855లో ఆంగ్ల దౌత్యబృందము వెంట బర్మాకు వచ్చిన లిన్నేయస్ ట్రైప్ కాగితపు నెగటివులతోడను, 1911లో మరణించిన జర్మనుడు ఫిలిప్ క్లియర్ గాజుపలకలతోడను పనిచేసిరి. నెగటివు ఎంతయో ప్రింటు నంతయే గనుక, రెంటిని తాకించి ఎండలో నుంచిన వారికి చాలెడిది. 1857లో అమెరికాలో ఉడ్వర్డ్ అనునతడు ఎండనే దీపముగ గొన్న ‘సూర్య కెమెరా’తో చిత్రములను పెంచజూపెను గాని, 1925లో 24×36 మిల్లీమీటర్ల నెగటివుతో లైకా కెమెరా అంగడికి వచ్చిన పిమ్మటనే ఎన్లార్జరు అనివార్యమైనది.

తలక్రిందులు చేసిన కెమెరాయే ఎన్లార్జరు. కెమెరా బయటి వెలుగును లోనికి గొని ఫిల్ముపై చిన్నది చేయును. ఇది లోపలి వెలుగును నెగటివుగుండ బయటికి పంపి కాగితముపై పెద్దది చేయును. నిలువు స్తంభమునకు తగిలించిన రేకుతలలో పాలరంగు బల్బు, దాని క్రింద కండెన్సరు కటకములు, నెగటివును పట్టు చట్రము, ముడుచుకొని విచ్చుకొను తిత్తి, దాని కొనను లెన్సు, అన్నిటికిని దిగువ పీఠమైన పలక. లైట్జ్ వారి ఫోకోమాట్ అయినను, ఇటలీ డర్స్ట్ అయినను, అమెరికా బెస్లర్ అయినను స్థూలముగ నీ యమరిక మారదు. 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు 50 మిల్లీమీటర్ల లెన్సును, 6×6 సెంటీమీటర్ల దానికి 75 లేక 80 మిల్లీమీటర్ల లెన్సును తగును.

పెంచునది రూపమునే గాక దోషమును గూడ అన్నదే యీ యంత్రపు మర్మము. లైకా నెగటివుతో 8×10 అంగుళముల కాగితమును నింపవలెనన్న ప్రతి కొలతయు సుమారు ఎనిమిదిన్నర రెట్లగును. నెగటివుపై మిల్లీమీటరులో పదవవంతు ధూళికణము ప్రింటుపై దాదాపు మిల్లీమీటరు తెల్లచుక్కయై నిలుచును. కొలత రెట్టింపైనచో అదే వెలుగు నాలుగింతల చోటున పరచుకొనును గనుక, 10 సెకండ్ల కాలము సుమారు 40 సెకండ్లగును.

మే నెల నుండి అక్టోబరు వరకు తెరపిలేని వానలు గురియు యాంగోన్‌లో పాత యంత్రమునకు తొలి శత్రువు తేమ. లెన్సును దీపమునకెదురుగ పట్టి చూచినపుడు సాలెగూటివంటి బూజు కనబడినచో దానిపై ఆశ విడుచుట మేలు. మంచి లెన్సునైనను సిలికాజెల్ పొట్లముతో మూతగల డబ్బాలో దాచవలయును. పాత తీగల పైతొడుగు పెళుసెక్కినచో మార్పింపక స్విచ్చు వేయరాదు. అచటి కరెంటు 230 వోల్టులది గనుక అమెరికా యంత్రమునకు ట్రాన్స్‌ఫార్మరు వలయును; వోల్టేజి ఊగిసలాడినచో ఒకే కాలమిచ్చిన రెండు ప్రింట్లు రెండు తీరులగును గనుక స్టెబిలైజరును వలయును. పేరచ్చు వేసిన ఇంటిబల్బును అమర్చినచో ఆ యక్షరముల నీడ కాగితముపై పడవచ్చును. నెగటివు, లెన్సు, పలక మూడును సమాంతరముగ నున్నవో లేదో రసమట్టముతో చూచుకొనవలయును. లేనిచో ఒక మూల స్ఫుటమై వేరొక మూల మసకబారును.

ఇక పని. లెన్సును పూర్తిగ తెరచి ఫోకసు కుదిర్చి, రెండు స్టాపులు మూసి, ఎర్రదీపపు మసకలో బ్రోమైడు కాగితపు పట్టీని పలకపై నుంచి, మొదట దానినంతను 5 సెకండ్లు వెలిగించి, ఆపై 5 సెకండ్లకొకమారు అట్టతో అంగుళము చొప్పున కప్పుచు పోయినచో, 5 మొదలు 25 వరకు మెట్లు మెట్లుగ నలుపెక్కిన పట్టీ సరియైన కాలమును తానే చెప్పును. డెవలపరు 20 డిగ్రీలుండవలయును. అచటి ఏప్రిల్ మధ్యాహ్నము 35 దాటును గనుక ఆ పళ్లెరమును మంచునీటి పళ్లెములో కూర్చుండబెట్టవలయును. పళ్లెరమును మెల్లగ నూపుచుండగ ముందు జుట్టు, పిదప కనుబొమలు, చిట్టచివర చెంపల నునుపు తేలివచ్చును. రూపము కనబడినదే చాలునని తొందరపడి తీసినచో నలుపు బూడిదయై మిగులును. ఆపై ఆమ్లజలము, హైపో, దీర్ఘస్నానము.

నెగటివులో లేనిదానిని ఎన్లార్జరు కాగితముపైకి తేజాలదు, ఉన్నదానిని దాచనుజాలదు. రంగమునుండి వచ్చిన ఆ చిన్న ముఖచిత్రమును తిరిగి ఫోటో తీసి, ఆ నెగటివును పెంచినపుడు, ముఖముతో బాటు దానిపై నలిగిన మడతయు పెద్దదగును. దానిని కుంచెతో దిద్దించుటయో, ఉండనిచ్చుటయో ఇంటివారి యిష్టము. అది సముద్రము దాటి వచ్చునపుడు పడిన మడత కావచ్చును.