దమ్ములో ఆగిన ట్రాక్టరు

కొల్లేటి అంచు పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరు పడే కష్టం మెట్ట ట్రాక్టరుకు తెలియదు. ఇనుప చక్రాలు సగందాకా నల్లబురదలో దిగబడతాయి. బండి ఒక పక్కకు ఒరిగి, రెండు గుంజులు గుంజి, ఠక్కున ఆగిపోతుంది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. తిప్పగా తిప్పగా బ్యాటరీ కూడా దిగిపోతుంది. అప్పుడు ఏలూరుకో తాడేపల్లిగూడేనికో ఫోను వెళుతుంది.

చాలాసార్లు ఈ జబ్బు ఇంజనుది కాదు, ఆయిలు గొట్టంలో చేరిన గాలిది. పిడికెడు గాలి అంత ఇనుమును ఎలా ఆపిందో అర్థం కావాలంటే ఈ యంత్రం పుట్టుక దాకా వెళ్లాలి.

పెట్రోలు ఇంజనుకు మంట పెట్టే ప్లగ్గు ఉంటుంది. అది ఆగితే మొదట నిప్పురవ్వ వస్తోందా లేదా అని చూస్తారు. మన ట్రాక్టర్లు డీజిలువి, వాటికి ఆ ప్లగ్గే లేదు. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది; సైకిలుకు గాలి కొట్టినవారికి పంపు అడుగు కాలడం తెలిసిందే. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ చిన్న సంగతినే పట్టుకున్నాడు. పదహారు వంతుల గాలిని ఒక వంతు చోటులోకి కుక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ క్షణాన నూనె చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. 1893లో పేటెంటు చేతికొచ్చింది. ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక, 1897 ఫిబ్రవరి 17న జరిగిన పరీక్షలో ఆ ఇంజను నూనెలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చి చూపింది. మామూలు ఆవిరి యంత్రం పదో వంతు ఇస్తే గొప్పనుకునే రోజులవి.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. సిలిండరు లోపల అంత ఒత్తిడి ఉండగా నూనె అందులోకి పోవాలంటే అంతకు మించిన ఒత్తిడితో తొయ్యాలి. డీజిల్ ఆ పనికి కూడా గాలినే పెట్టాడు. విడిగా ఒక కంప్రెసరు బిగించి, దాని గాలితో నూనెను లోపలికి ఊదించాడు. ఓడలకూ కర్మాగారాలకూ ఆ బరువు ఓ లెక్క కాదు. బురదలోకి దిగాల్సిన బండికి అది కుదిరే పని కాదు. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ, కంప్రెసరు గాలి అక్కర్లేకుండా నూనెను నేరుగా తోసే ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజను లారీలకూ ట్రాక్టర్లకూ ధారాళంగా ఎక్కింది. మన దేశంలో 1959లో ఫరీదాబాదులో ఐషర్, ఆ తర్వాత మద్రాసులో టాఫే ట్రాక్టర్ల తయారీకి దిగాయి.

ఆ ఇంజెక్షన్ పంపుది అద్భుతమైన పనితనం. లోపలి ప్లంజరుకూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో ఉంటుంది, అంతే. నూనె నొక్కినా పెద్దగా కుంచించుకోదు కాబట్టి ప్లంజరు తోపు తోపంతా, నూనెను సిలిండరులోకి చిమ్మే నాజిల్ దాకా చేరుతుంది. వాతావరణ పీడనానికి నూరు రెట్లు దాటి, ఇంకా పైకి పోయాక నాజిల్ తెరుచుకుంటుంది. దారిలో గాలి బుడగ ఉందనుకోండి, ప్లంజరు తోసినప్పుడు అది కుంచించుకుంటుంది, వదిలితే ఉబ్బుతుంది. నాజిల్ మూసుకునే ఉంటుంది. ఒకప్పుడు నూనెను లోపలికి ఊదిన గాలే ఇప్పుడు దాన్ని దారిలో ఆపేస్తోంది!

పనితెలిసిన మెకానిక్కు వచ్చీరాగానే పానాలు తీయడు. సెల్ఫ్ కొట్టమని సైలెన్సరు వైపు చూస్తాడు. తెల్లటి పొగ వస్తుంటే ఆయిలు సిలిండరు దాకా చేరుతోంది గానీ మండట్లేదని అర్థం. రింగులో వాల్వులో చూడాలి. అసలు పొగే రాకపోతే ఆయిలే అందట్లేదు.

"ఆయిలు ఎంతుందండీ?"

"పావు ట్యాంకుందండి."

చదును నేల మీదైతే పావు ట్యాంకు చాలు. బండి ఒరిగితే ఆయిలు ఒక మూలకు చేరి, ట్యాంకు అడుగున ఉన్న రంధ్రం తేలిపోతుంది. అక్కడే గాలి లోపలికి పోయింది. ఇంకో మాయరోగం ట్యాంకు మూతది. మూతలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది. బురద పట్టి అది పూడిపోతే, ఆయిలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది. మూత తీయగానే 'స్‌స్' మని గాలి గుంజుకుంటే దొంగ దొరికినట్టే. ఈ రోగమున్న బండి కాసేపాగితే మళ్లీ లేస్తుంది, నాలుగు సాళ్లు తిరిగి మళ్లీ పడుకుంటుంది. వేడెక్కి ఆగిందనుకుని హెడ్డు విప్పించినవారికి అయ్యేది ఖర్చే.

గాలి తీయడం ఓపిక పని. ముందు ట్యాంకు నింపాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీట చేత్తో ఆడించాలి. మొదట నురగ, తర్వాత బుడగలతో ధార, ఆఖరికి తేటగా నిండు ధార వస్తాయి. ధార నిండుగా ఉండగానే స్క్రూ బిగించాలి. మీట ఆగాక బిగిస్తే మళ్లీ గాలి పీలుస్తుంది. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర ఇలాగే చేసి, చివరికి నాజిల్ పైపుల నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. అక్కడ వేలు అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది, గాయం సూదిమొనంతే కనిపించినా చెయ్యి పోయే ప్రమాదం ఉంది. నట్ల దగ్గర బుడగలు పోయి ఆయిలు చిమ్మగానే ఒక్కొక్కటే బిగిస్తుంటే ఇంజను తడబడి, దగ్గి, అందుకుంటుంది.

నీటి బెడద వేరే. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి ఆ తేమ చుక్కలై అడుగుకు దిగుతుంది, ఆయిలు కంటే నీళ్లు బరువు గనుక. ఆ నీళ్లు పంపులోని మెరుగుపెట్టిన ఇనుమును తుప్పు పట్టిస్తాయి. పంపు మరమ్మతు అంటే చిన్న ఖర్చు కాదు. అందుకే దమ్ము రోజుల్లో బండిని సాయంత్రమే ట్యాంకు నింపి నిలబెట్టాలి, తెల్లారి ఫిల్టరు అడుగు మర వదిలి నీళ్లన్నీ కారిపోనిచ్చాకే తాళం తిప్పాలి.