గ్రామఫోను రికార్డులలోని పాటను కంప్యూటరునందు భద్రపఱచుట

సిద్దిపేట, దుబ్బాక, మిరుదొడ్డి ప్రాంతములందలి పాత యిండ్లలో అటుకలమీదను, కొయ్యపెట్టెలలోను గ్రామఫోను రికార్డులు నేటికిని అక్కడక్కడ కానవచ్చుచున్నవి. పూర్వము పెండ్లిండ్లకును, జాతరలకును మైకుసెట్టు అద్దెకిచ్చువారు వీనిని పెట్టెలకొలది యుంచుకొనెడివారు. క్యాసెట్టులు వచ్చిన పిమ్మట వీని నడుగువారు తక్కువైరి. కొన్నిటి కాగితపు తొడుగులు చెదలపాలయ్యెను. కొన్ని ఎండవేడికి వంగిపోయెను. కొన్ని పాతసామానుల వర్తకుని తక్కెడ కెక్కెను. మిగిలినవానిలోని పాటను ఇంటనుండు సామాన్యమైన కంప్యూటరు సహాయముననే భద్రపఱచుకొనవచ్చును. ఆ విధమెట్టిదో, అందు మొదట చేయవలసిన దేదియో, చేయరాని దేదియో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రికార్డుల పుట్టుక :— 1877వ సంవత్సరమున అమెరికాలో థామస్ ఎడిసన్ మాటను పట్టి మరల వినిపించు ఫోనోగ్రాఫు యంత్రమును నిర్మించెను. అది గుండ్రని గొట్టముపై శబ్దమును గీయునది. 1887లో ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు పళ్లెముపై గీయు గ్రామఫోనునకు పేటెంటు పొందెను. 1902 నవంబరు నెలలో గ్రామఫోను కంపెనీవారి పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అను గాయని పాటలను రికార్డు చేసెను. ఆ పాటలను పళ్లెములుగ నొత్తుటకు జర్మనీదేశములోని హనోవరు పట్టణమునకు పంపిరి.

ఆ కాలపు రికార్డులలో ముఖ్యద్రవ్యము లక్క. మన పొలముల గట్లమీద మోదుగచెట్టు నెఱుగనివా రుండరు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు చేర్చెడి జిగురునుండియే లక్క లభించును. దానితో పలకరాతిపొడి వంటి ఖనిజచూర్ణములను, నల్లరంగును కలిపి, వేడిచేసి, అచ్చులలో నొత్తెడివారు. లక్క రికార్డు నిమిషమునకు సుమారు 78 మార్లు తిరుగును. పది అంగుళముల పళ్లెముపై ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. క్రిందపడినచో మట్టికుండవలె పగులును. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీవారు వినైలు అను కృత్రిమ పదార్థముతో నిమిషమునకు 33⅓ మార్లు తిరుగు పెద్ద రికార్డును ప్రవేశపెట్టిరి. దానిపై ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు మించి పాట పట్టెను. మఱుసటి సంవత్సరమున 45 మార్లు తిరుగు చిన్న రికార్డు వచ్చెను. ఘంటసాల పాడిన పుష్పవిలాపము లక్క రికార్డుల కాలమునాటిది. ఆయన పాడిన భగవద్గీత వినైలు రికార్డుల కాలమునాటిది. మన యిండ్లలో ఈ రెండు జాతులును కలిసియుండును గనుక ముందుగ వానిని వేఱుపఱచుకొనవలెను. వాని శుభ్రత వేఱు, సూది వేఱు, వేగము వేఱు.

గాడిలోని శబ్దము :— రికార్డుపై వెలుపలి అంచునుండి లోపలికి సాగునది ఒకే యొక గాడి. గాయకుని స్వరము గాలిని ఎట్లు కదిలించెనో, ఆ కదలికయే గాడిగోడల వంపులలో చెక్కబడియున్నది. సూది ఆ వంపులవెంట కదలును. పూర్వపు గ్రామఫోనులో ఆ కదలిక యొక పొరను కదిలించి కొమ్ముద్వారా వినబడెడిది. నేటి యంత్రములో అది సన్నని విద్యుత్తుగ మాఱును. ఆ విద్యుత్తు వోల్టులో వెయ్యవ భాగములు నాలుగైదు మాత్రమే. కావున దానిని పెంచుటకు ఫోనో ప్రీయాంప్లిఫయరు అను ఉపకరణము కావలెను.

ఈ ఉపకరణమునకు మఱియొక పనియు గలదు. మంద్రస్వరముల వంపులు మిక్కిలి వెడల్పైనవి. వానిని ఉన్నవి యున్నట్లు చెక్కినచో ఒక గాడి ప్రక్కగాడిలోనికి చొచ్చును. అందుచే చెక్కునప్పుడు మంద్రమును తగ్గించి, తారస్వరములను పెంచెదరు. వినునప్పుడు దానిని తలక్రిందుగ జేసి సరిపుచ్చవలెను. 1954 మొదలు ఇందుకు ఒకే కొలత వాడుకలోనికి వచ్చెను. అంతకుముందు ఒక్కొక్క కంపెనీవారి కొలత ఒక్కొక్క విధముగ నుండెను. అందుచేతనే పాత లక్క రికార్డు నేటి యంత్రముపై ఒక్కొక్కప్పుడు గొంతు మాఱినట్లు వినబడును.

కంప్యూటరు పాటను పట్టు విధము :— సిద్దిపేట గొల్లభామ చీరను చూచినవారి కిది సులభముగ బోధపడును. తలపై కుండ నెత్తుకొన్న గొల్లభామ బొమ్మలో వంపు లెన్నియో కలవు. అయినను మగ్గముపై వంపుగీత గీయుట కవకాశము లేదు. నిలువుపోగులును అడ్డపోగులును మాత్రమే యున్నవి. ఏ వరుసలో నెన్ని పోగులమీదుగ రంగుదారము పోవలెనో నేతగాడు లెక్కించి నేయును. పోగులు ముతకవైనచో బొమ్మ మెట్లుమెట్లుగ కనబడును. సన్నమైనకొలది వంపు నునుపుదేరును. కంప్యూటరును శబ్దతరంగము నిట్లే లెక్కించి అంకెలుగ నేయును.

మనుష్యుని చెవి సెకండునకు సుమారు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములను వినగలదు. ఒక కంపనమును సరిగ పట్టుటకు దానికి రెండింతలకంటె నెక్కువ కొలతలు తీసికొనవలెను. కావుననే 1982లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కునకు సెకండునకు 44,100 కొలతలు ఏర్పాటు చేసిరి. ప్రతి కొలతను 16 బిట్లలో వ్రాసినచో 65,536 మెట్లు గల నిచ్చెనపై ఎత్తును గుర్తించినట్లగును. 24 బిట్లలో వ్రాసినచో మెట్లు 1,67,77,216 అగును. శబ్దభాండారముల అంతర్జాతీయ సంఘమువారు, భద్రపఱచుటకై చేయు ప్రతికి 24 బిట్లును, సెకండునకు తక్కువపక్షము 48,000 కొలతలును ఉండవలెననియు, 96,000 ఉండుట మేలనియు చెప్పియున్నారు. గృహస్థుడును దీనిని పాటింపవచ్చును. దీనికి కావలసినది కొంచెము చోటు మాత్రమే.

చేయవలసిన క్రమము :— మొదట రికార్డును శుభ్రముచేయవలెను. వినైలు రికార్డును మెత్తని కుంచెతో దులిపి, స్వేదనజలముతో తుడువవచ్చును. లక్క రికార్డునకు మాత్రము స్పిరిటు తగులరాదు. లక్క స్పిరిటులో కరగిపోవును. ఒక్క తుడుపుతో గాడి చెడును. స్వేదనజలములో ఒక చుక్క మెత్తని సబ్బునీరు కలిపి, గాడి వెంబడి గుండ్రముగ తుడిచి, కాగితపు చీటీ తడవకుండ జాగ్రత్తపడి, వెంటనే నీడను ఆఱబెట్టవలెను.

రెండవది సూది. లక్క రికార్డు గాడి వెడల్పైనది. దానికి అంగుళములో వెయ్యింట మూడు భాగముల మొనగల సూది కావలెను. వినైలు రికార్డు సూది మొన వెయ్యింట ఒక భాగము గాని, అంతకు తక్కువ గాని యుండును. సన్నసూదిని వెడల్పుగాడిలో వేసినచో అది గాడియడుగున ముఱికిలో నీడ్చుకొనిపోవుచు బుసబుసలే వినిపించును. పూర్వపు కొమ్ముగ్రామఫోనుపై వినైలు రికార్డు నెన్నడును వేయరాదు. దాని ఉక్కుముల్లు బరువునకు గాడి చెక్కుకొనిపోవును.

మూడవది వేగము. 78 వేగముగల టర్న్‌టేబులు దొరకినచో మంచిది. దొరకనిచో 45 వేగముతో పట్టి, కంప్యూటరులో 1.733 రెట్లు వేగము పెంచవచ్చును. ఇది రెండవపక్షము మాత్రమే.

నాలుగవది పట్టుట. టర్న్‌టేబులునుండి ప్రీయాంప్లిఫయరునకును, అచ్చటినుండి శబ్దమును అంకెలుగ మార్చు చిన్న పెట్టెకును, దానినుండి కంప్యూటరునకును తీగలు కలుపవలెను. ఈ మూడును ఒకటిగ నమర్చిన టర్న్‌టేబులులును అంగళ్లలో గలవు. కంప్యూటరులో ఆడాసిటీ అను సాఫ్ట్‌వేరు చాలును. అది 2000వ సంవత్సరమున వెలువడెను; వెల లేనిది. పాటలో మిక్కిలి గట్టిగ వినబడు చోటను వేసి చూచి, కొలతగీత పైయంచునకు ఆఱు డెసిబెళ్లు క్రిందనే నిలుచునట్లు సరిచేసికొనవలెను. కుండ నిండి పొర్లిన నీటిని మరల నెత్తలేనట్లే, పైయంచు దాటిన శబ్దమును మరల రాబట్టలేము. తక్కువైనదానిని తరువాత పెంచుకొనవచ్చును.

శుద్ధిచేయుటలో హెచ్చరిక :— పట్టిన పాటలో చిటపటలును బుసయు వినబడును. వానిని తొలగించు సాధనములు కంప్యూటరులో గలవు. అయితే బుస ఏది, తంబుర శ్రుతి ఏది యని యంత్రమునకు తెలియదు. ఎడతెగక సన్నగ మ్రోగు ప్రతిదానిని అది బుసగానే యెంచవచ్చును. బుసను పూర్తిగ తీసివేయబోయినవారు దానితోపాటు తంబుర నాదమును, తాళముల గలగలను, గాయకుని ఊపిరిని కోల్పోవుదురు. అందుచే ముఖ్యసూత్రమొకటి గుర్తుంచుకొనవలెను. మొదట పట్టిన ప్రతిని పట్టినది పట్టినట్లు వేఱుగ దాచవలెను. శుద్ధి యెంత చేసినను దాని నకలుపైననే చేయవలెను. మూలప్రతిని డబ్ల్యు.ఏ.వి. రూపమున గాని, ఏమియు నష్టపోకుండ మడిచి దాచు ఫ్లాక్ రూపమున గాని యుంచవలెను. ఎం.పి.3 రూపము కొంత శబ్దమును వదలివేయును గనుక అది ఫోనులో వినుటకే గాని దాచుటకు తగదు.

పేరు వ్రాయుట :— ఈ పనిలో నెక్కువమంది విడిచిపెట్టునది ఇదియే. గౌహర్ జాన్ తన పాటలచివర తన పేరును తానే చెప్పెడిది. దూరదేశమున పళ్లెముల నొత్తువారికి ఎవరి పాట యేదియో తెలియుటకే ఆ యేర్పాటు. కంప్యూటరులోనికి ఎక్కిన పాటకు చీటీ యుండదు. "పాట 1", "పాట 2" అని పేరుపెట్టి వదలినచో, పదియేండ్లకు ఆ స్వర మెవరిదో చెప్పువా రుండరు. కావున చీటీని రెండుప్రక్కల ఫోటో తీయవలెను. పాట, గాయకుడు, కంపెనీ, చీటీపై నంబరు, గాడి ముగిసినచోట చెక్కిన అంకెలు, రికార్డు ఎవరి యింటనుండి వచ్చినది, ఏ సూదితో ఏ దినమున పట్టినది యని వ్రాసి పాటతోడనే యుంచవలెను.

ఇందుకు దృష్టాంత మొకటి గలదు. జార్జి గ్రియర్సన్ నడిపిన భారత భాషాసర్వేక్షణమునకై 1913 మొదలు 1929 వఱకు మనదేశపు భాషలను గ్రామఫోను రికార్డులలో పట్టిరి. అందు తెలుగును గలదు. భాషలను పోల్చిచూచుట సులభమగునట్లు చాల రికార్డులలో తప్పిపోయిన కుమారుని ఉపమానమునే చెప్పించిరి. బ్రిటిష్ లైబ్రరీలోనున్న ఆ రికార్డులు కంప్యూటరునకు మార్చబడి, చికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయమున వినుటకు ఉంచబడినవి. ఇది ఏ భాష, ఏ ప్రాంతమని వ్రాసియుంచుటచేతనే ఆ స్వరములు నేడు చదువరులకు పనికివచ్చుచున్నవి.

ఏది ముందు :— ఒక యింట పెద్ద రికార్డులు 60 గలవనుకొందము. ఒక్కొక్కటి 40 నిమిషములైన మొత్తము 2,400 నిమిషములు, అనగా 40 గంటలు. ఈ పని త్వరపెట్టుటకు వీలులేదు. పాట యెంతసేపో పట్టుటయు నంతసేపే. దినమున కొకటి చొప్పున రెండునెలలు పట్టును. 24 బిట్లు, 96,000 కొలతలతో నిమిషమునకు సుమారు 34½ మెగాబైట్లు కావలెను. మొత్తము 83 గిగాబైట్లు చాలును. కాలము తక్కువైనవారు సినిమాపాటలను చివరకు వదలవలెను. అవి యితరులయొద్దను దొరకును. హరికథలు, రంగస్థల పద్యములు, పేరెన్నిక గనని గాయకుల పాటలు ముందుగ పట్టవలెను. అట్టి రికార్డు మీ యింటనున్నది తప్ప వేఱొకటి లేకపోవచ్చును.

పట్టిన పాటలను మూడుచోట్ల నుంచవలెను. అందొకటి వేఱొక యింటనుండుట మంచిది. కంప్యూటరులోని డిస్కు చెప్పకయే చెడును. పాట కంప్యూటరు కెక్కినదని రికార్డును పాఱవేయరాదు. రేపు ఇంతకంటె మంచి సూదియు, మంచి యంత్రమును రావచ్చును. అప్పుడు మరల పట్టుటకు మూలము కావలెను. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక, పుస్తకములవలె నిలువుగ, ఎండ తగులని గోడయొద్ద ఉంచవలెను. మఱియు మన చట్టము ప్రకారము రికార్డింగు ప్రచురింపబడిన మఱుసటి సంవత్సరము మొదలు 60 సంవత్సరములవఱకు దానిపై హక్కు యజమానికే యుండును. పాట వ్రాసినవారి హక్కు వేఱు. ఇంట వినుటకు చేసికొన్న ప్రతిని లోకమునకు పంచుటకు ముందు ఈ సంగతి చూచుకొనవలెను.

విద్యార్థులారా, యంత్రములును సూదులును వేసంగి సెలవులలో సమకూర్చుకొనవచ్చును. మీ యింట రికార్డుల పెట్టె యున్నయెడల, ఆ పాటలు ఎవరివో, ఎవరు కొనితెచ్చిరో, ఏ పెండ్లిలో మ్రోగినవో చెప్పగల తాతయో అమ్మమ్మయో యున్నయెడల, కాగితమును కలమును తీసికొని వారియొద్దకు ఈ సాయంకాలమే పొండు.