నేలకు వైద్యం చేసే చదువు

పిల్లలు ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకున్నారంటే మన ఇళ్ళలో పెద్దల ఆలోచన డాక్టరు చదువు దగ్గరే ఆగిపోతుంది. నీట్‌లో ర్యాంకు రాకపోతే చదివినదంతా వ్యర్థమైందని కుమిలిపోయే కుటుంబాలు ఎన్నో! కాని జీవశాస్త్రం చూపే దారి ఒక్కటే కాదు. దెబ్బతిన్న నేలకు వైద్యం చేసే విద్య కూడా అందులో ఉంది. జపాన్ వృక్ష ఆవరణ శాస్త్రవేత్త అకిరా మియావాకి జీవితమే దీనికి నిదర్శనం.

1928లో జన్మించిన మియావాకి హిరోషిమా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివారు. తొలి పరిశోధనకు ఆయన ఎంచుకున్నది కలుపు మొక్కలను. ఆ పరిశోధనే 1958లో ఆయనను జర్మనీలోని రైన్‌హోల్డ్ ట్యూక్సెన్ చెంతకు చేర్చింది. మనిషి జోక్యం ఆగిపోతే ఒక నేలపై ఏ మొక్కల సముదాయం నిలుస్తుందో గుర్తించే విద్యను అక్కడ నేర్చుకున్నారు. స్వదేశానికి తిరిగివచ్చాక ఊరూరా తిరిగి, పాత ప్రార్థనా స్థలాల చుట్టూ మిగిలిన తోపులలో అసలైన స్థానిక వృక్షాలను గుర్తించారు. జపాన్ వృక్షసంపదపై 10 సంపుటాల గ్రంథం వెలువరించారు.

ఆయన పద్ధతి సులభమైనదే. స్థానిక జాతుల విత్తనాలు సేకరించి నారు పెంచాలి. నేలను గుల్లబరచి, చదరపు మీటరుకు మూడు, నాలుగు మొక్కల చొప్పున పలు జాతులను కలిపి నాటాలి. గడ్డి కప్పి, రెండు మూడేళ్ళు కలుపు తీస్తే చాలు. తరువాత అడవి తనను తానే పోషించుకుంటుంది. 2006లో ఆయనకు బ్లూ ప్లానెట్ బహుమతి లభించింది. తెలంగాణ అటవీశాఖ ఈ పద్ధతిని స్థానిక పరిస్థితులకు తగినట్లు మార్చి ‘యాదాద్రి’ నమూనాగా చేపట్టింది.

అయితే ప్రతి నేలా అడవిని కోరదు. బట్టమేక పిట్టకు పేరుపొందిన రోళ్ళపాడు వంటి పచ్చిక బయళ్ళలో దట్టంగా చెట్లు నాటితే ఆ పక్షి ఆవాసమే నశిస్తుంది. రోగమెరిగి మందివ్వాలన్న సూత్రం నేలకూ వర్తిస్తుంది. ఏది నాటాలో, ఎక్కడ నాటకూడదో తేల్చడానికే శాస్త్రజ్ఞానం అవసరం.

ఆసక్తి గల విద్యార్థి బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివి, పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆవరణ శాస్త్రం, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో వన్యప్రాణి శాస్త్రం వంటి పీజీ కోర్సులకు ప్రయత్నించవచ్చు. వృక్షశాస్త్ర పట్టభద్రులు భారతీయ అటవీ సర్వీసు పరీక్షకు కూడా అర్హులు. తల్లిదండ్రులారా! మీ అబ్బాయో, అమ్మాయో చెట్టుచేమల వైపు మొగ్గు చూపితే దానిని ఓటమిగా భావించకండి. ముందు వారికి పరిసరాలలోని పది మొక్కల పేర్లు నేర్పండి. ఈ దారిలో మొదటి అడుగు అదే.