పచ్చి ఒంటికి ఏం కావాలి?

తెలుగు ఇళ్ళలో కాన్పు కాగానే బాలింత చుట్టూ రెండు రకాల ఏర్పాట్లు మొదలవుతాయి. మొదటిది, ఆమె చేత పని చేయించకపోవడం. పుట్టింటికి తీసుకెళ్తారు, వంటా బట్టలూ తల్లో పిన్నో చూసుకుంటారు, ఒంటికి నూనె రాసి వేణ్ణీళ్ళు పోస్తారు, పసిబిడ్డకు స్నానం చేయించడానికి చెయ్యి తిరిగిన పెద్దావిడ వస్తుంది. రెండోది, ఆమెను కట్టడి చేయడం. పప్పు, పెరుగు, ఆకుకూరలు, పళ్ళు మానిపించి వెల్లుల్లి కారంతో, సొంఠి పొడితో అన్నం పెడతారు. మంచినీళ్ళు కొలిచి ఇస్తారు. చెవుల్లో దూది పెట్టి, కిటికీలు మూసిన గదిలో మంచం దిగనివ్వరు. ఈ రెంటినీ కలిపి పథ్యం అనేయడంతో, పెద్దలు చెప్పిందంతా నిజమని ఒకరూ, అంతా చాదస్తమని ఇంకొకరూ వాదించుకుంటారు. విడదీసి చూస్తే వైద్యశాస్త్రం మొదటిదాన్ని గట్టిగా సమర్థిస్తుంది, రెండోదాన్ని చాలామటుకు తోసిపుచ్చుతుంది. ఈ కాలపు చిన్న కుటుంబాల్లో మాత్రం పోవలసింది నిలిచింది, నిలవాల్సింది జారిపోతోంది.

విశ్రాంతి ఎందుకు అవసరమో ఆమె ఒంట్లో జరిగేది చూస్తే తెలుస్తుంది. బిడ్డ, మాయ బయటికొచ్చాక గర్భసంచి ఒక్కటే దాదాపు కిలో బరువుంటుంది, బొడ్డు దగ్గర గట్టిగా చేతికి తగులుతుంది. రోజురోజుకూ కుంచించుకుంటూ రెండు వారాలకు కటి ఎముకల మధ్యకు దిగుతుంది, ఆరు వారాలకు వంద గ్రాముల లోపుకి వస్తుంది. మాయ ఊడిన చోట అరచేయంత పచ్చి గాయం మిగులుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తరవాత లేత గోధుమ రంగులో, చివరికి తెల్లగా పోయే స్రావం ఆ గాయం మానుతోందనడానికి గుర్తు. బిడ్డ పాలు తాగేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని బిగిస్తుంది కాబట్టే ఆ సమయంలో పొత్తికడుపు నొప్పి పుడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. అంటే లక్షలమందిలో ఆ లోపలి గాయానికి తోడు పొట్ట కోసిన గాయం కూడా మానాలి. పెద్దలు పచ్చి ఒళ్ళని హెచ్చరించడంలో అతిశయం లేదు.

ఆ గాయాలు మానడానికి సరుకు తిండి నుంచే రావాలి. పాలు బాగా పడ్డాక తల్లి రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలిస్తుంది. అందుకే మొదటి ఆరు నెలలు రోజుకు మరో 600 కిలో కేలరీలు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి సూచిస్తుంది. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అసలే రక్తం తక్కువ, కాన్పులో మరికొంత పోయింది, ఆపైన పప్పూ ఆకుకూరా మానిపిస్తే ఆమె దేంతో కోలుకోవాలి? పప్పు తింటే కుట్లు చీము పడతాయన్న భయానికి ఆధారం లేదు. చీముకు కారణం బ్యాక్టీరియా, కుట్లు మానడానికి కావలసింది మాంసకృత్తులు. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందన్నదీ పొరపాటే. ఆ ఎత్తు ఇంకా కుంచించుకోని గర్భసంచిది, సాగిన కండరాలది. గర్భిణిగా ఉన్నప్పుడు ఒంట్లో చేరిన అదనపు నీటిని శరీరమే మొదటి రోజుల్లో మూత్రంగా, చెమటగా వదిలించుకుంటుంది. దాహాన్ని అణచిపెడితే మలబద్ధకం, మూత్రంలో మంట తోడవుతాయి. వెల్లుల్లి, సొంఠి, వాము, నువ్వులు, బెల్లం పెట్టడంలో తప్పేమీ లేదు. తప్పు వాటితోనే సరిపెట్టడంలో ఉంది.

మంచం దిగనివ్వకపోవడం ఇంకా ప్రమాదకరం. కాన్పులో రక్తస్రావాన్ని ఆపడానికి ప్రకృతే గర్భిణి రక్తానికి త్వరగా గడ్డకట్టే గుణాన్నిస్తుంది. ఆ గుణం కాన్పు తరవాత కూడా కొన్ని వారాలు పోదు. కదలకుండా పడుకుంటే పిక్కల లోతు సిరల్లో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే సిజేరియన్ అయినవారిని సైతం డాక్టర్లు ఒక్క రోజు లోపే లేపి నడిపిస్తారు. విశ్రాంతి అంటే బరువు పనుల నుంచి, నిద్ర లేమి నుంచి విడుదల. కిటికీలు మూయడమూ అంతే: గాలి ఆడని గదిలో వెచ్చదనం కోసమని బొగ్గుల కుంపటి పెడితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ తల్లికీ బిడ్డకూ విషమే.

తరతరాలుగా ఇలాగే పురుళ్ళు పోశారు, అందరూ బాగానే ఉన్నారు కదా అని అడగవచ్చు. బాగున్నవాళ్ళే మన ఎదుట ఉండి ఆ మాట చెప్పగలుగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 1990లో మన దేశంలో లక్ష సజీవ జననాలకు ఐదు వందల మందికి పైగా తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి ఆ సంఖ్య 97కి తగ్గింది, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆసుపత్రి కాన్పులు, రక్తం ఎక్కించే వసతి, యాంటీబయాటిక్స్ వంటివి ఈ మార్పు తెచ్చాయి. ఈ మరణాల్లో పెద్ద భాగం కాన్పు అయ్యాక, తొలి గంటల్లో, రోజుల్లో జరిగేవే. కాబట్టి బాలింతను కనిపెట్టుకుని ఉండాలన్న పాత బుద్ధి సరైనదే. ఎటొచ్చీ, ఆమె కంచాన్ని కనిపెట్టినంత శ్రద్ధగా ఆమె జ్వరాన్ని, రక్తస్రావాన్ని, రక్తపోటును కనిపెట్టలేదు.

మనసు సంగతికొస్తే పథ్యానికి అసలు మాటే లేదు. మాయ పోగానే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పడిపోతాయి. మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది, రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. అంతకు మించి సాగే దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం డిప్రెషన్ లక్షణాలు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో ఇది 22 శాతం తల్లుల్లో తేలింది. వెయ్యి మందిలో ఒకరిద్దరికి భ్రమలు, మతి చలించడం వంటి తీవ్రమైన స్థితి వస్తుంది. అది గాలి సోకడమూ కాదు, దిష్టీ కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన జబ్బు.

ఇవన్నీ ఈ కాలపు జబ్బులని, నిండు ఇళ్ళలో ఇవి ఉండేవి కావని కొందరంటారు. ఇంటినిండా మనుషులుంటే చాలదని 2002లో వెలువడిన గోవా అధ్యయనం చెబుతుంది. అక్కడ 23 శాతం తల్లుల్లో డిప్రెషన్ కనిపించింది. ఆడపిల్ల పుట్టడం, భర్త కొట్టడం, పేదరికం ఆ ముప్పును పెంచాయి. మనిషి తోడు సరైన తీరులో ఉంటే ఏం చేయగలదో చూపింది 2008లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన, పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల పరిశోధన. డాక్టర్లు కాని స్థానిక ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, గర్భం చివరి నెల నుంచి డిప్రెషన్ ఉన్న తల్లుల ఇళ్ళకు పంపి మాట్లాడించారు. ఆరు నెలలకు వారిలో 23 శాతానికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్ళిన తల్లుల్లో అది 53 శాతం.

కూలికి పోతేగాని గడవని ఇంట్లో ఈ విశ్రాంతి ఎక్కడిదన్నది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. 2017లో 26 వారాలకు పెంచిన జీతంతో కూడిన ప్రసూతి సెలవు పొలం పనికీ ఇంటి పనికీ వెళ్ళే ఆడవాళ్ళకు అందదు. అందుకే ఈ భారాన్ని కుటుంబం మీదే వదిలేయలేం. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలని ప్రభుత్వ కార్యక్రమం నిర్దేశిస్తోంది. ఆ కార్యక్రమం పేరు నవజాత శిశు సంరక్షణే అయినా తల్లిని చూడటం కూడా ఆమె పనే. బిడ్డ బరువుతో పాటు తల్లికి నిద్ర పడుతోందా, ఐరన్ మాత్రలు 180 రోజులూ వేసుకుంటోందా అని అడగాలి, అడిగించుకోవాలి. గంటలో గుడ్డ తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం, చెడు వాసన, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఫిట్స్, చావు ఆలోచనలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. మనసు బాగోలేదని చెప్పుకోవడానికి టెలి మానస్ 14416 నంబరు రాత్రింబగళ్ళు పనిచేస్తుంది.

కట్టుబాట్లు పూర్తిగా పోవాలని ఈ వాదన ఉద్దేశం కాదు, అవి చేతులు మారాలి. రాత్రి లేచి బిడ్డ గుడ్డలు మార్చడం భర్త పథ్యం కావాలి. ఆడపిల్లా అని నిట్టూర్చకపోవడం అత్తగారి పథ్యం కావాలి. ఆరో వారంలో తల్లిని డాక్టరుకు చూపించడం ఇంటిల్లిపాదీ పథ్యం కావాలి. బాలింత మాత్రం కడుపునిండా తిని, దాహం తీరా నీళ్ళు తాగి, కంటినిండా నిద్రపోతే చాలు.