స్పినిఫెక్సు గడ్డి అడవులలో నిప్పు వాడుక

మన రైతులు మెట్టచేలలో కాగితపు మిల్లుల కొరకు పెంచుచున్న జామాయిలు చెట్టు యూకలిప్టసు జాతిలోనిది. ఈ జాతికి పుట్టినిల్లు ఆస్ట్రేలియా. ఆ ఖండపు ఉత్తరభాగమందలి మెట్ట అడవులలో ఈ చెట్లు పలుచగా నుండి, వాని క్రింద స్పినిఫెక్సు అను గడ్డి పెరుగును. ఆ యడవులను కాపాడుటకై అక్కడివారు ఏటేట కొంతభాగమును తామే తగులబెట్టుచున్నారు. వినుటకు వింతగా నున్నను దీనికి తగిన కారణము కలదు. దానిని ఇచట విశదపరచుచున్నాము.

మొదట గడ్డి స్వభావమును తెలిసికొనవలెను. మన సముద్రతీరపు ఇసుకదిబ్బలపై నుండు రావణాసురుని మీసాలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్పినిఫెక్సు. ఇప్పుడు చెప్పుచున్నది అది కాదు. దీని శాస్త్రనామము ట్రయోడియా. ఇది ఆస్ట్రేలియాలో తప్ప మరియెచ్చటను సహజముగా పెరుగదు. దుబ్బు బోర్లించిన గంపవలె నుండును. ఆకులు చుట్టుకొని సూదులవలె మొనదేరి యుండును. పెక్కు రకములలో ఒక విధమగు జిగురు కలదు. ఆదిమవాసులు ఈటె మొనలను కఱ్ఱకు బిగించుటకు దానిని వాడుచుండెడివారు. ఆ జిగురు వలన గడ్డి పచ్చిగా నున్నప్పుడు సైతము మండును.

దుబ్బునకు దుబ్బునకు నడుమ వట్టి నేల యుండును గాన, గాలి లేనప్పుడు మంట సులభముగా దాటజాలదు. కాని వానలు మెండుగా కురిసిన యేట ఆ నడిమి నేలలో ఇతరపు గడ్డి మొలచి, పిమ్మట ఎండి, మంటకు వంతెన యగును. కావున అచట పెద్ద మంటలు తరచుగా మంచి వానల వెనుకనే వచ్చును. అట్టి వానల పిదప 1974-75లో ఆ ఖండమున సుమారు 11 కోట్ల 70 లక్షల హెక్టార్లు, అనగా నూటికి 15 వంతుల నేల కాలెను.

చెట్ల సంగతి యేమి? యూకలిప్టసులో చాల జాతులకు నేలలో మొద్దుదుంపయు, బెరడు క్రింద నిద్రించు మొగ్గలును కలవు. పైభాగము మాడినను అవి మరల చిగిర్చును. అయినను మాటిమాటికి కాలినచో చిన్న మొక్కలు ఎన్నడును చెట్లు కాజాలవు. తొఱ్ఱలుగల ముదుసలి చెట్లు కూలును. గూల్డియను ఫించి యను చిన్న పక్షి ఆ తొఱ్ఱలలోనే గూడు కట్టును. కాలిట్రిస్ అను సైప్రసు కుటుంబపు చెట్టు తీవ్రమైన మంటకు చచ్చి, తిరిగి చిగురింపదు. స్పినిఫెక్సులో గూడ కొన్ని రకములు కాలిన పిదప గింజవలననే మొలచును. అవి గింజ కట్టకమునుపే మరల నిప్పు వచ్చినచో ఆ తావున నశించును.

కనుక నిప్పు పెట్టుటకు కాలము ముఖ్యము. అచట వానలు సామాన్యముగా నవంబరు మొదలు ఏప్రిలు వఱకు కురియును. మే, జూను నెలలలో నేలయందు తడియు, రాత్రులందు మంచును ఉండుటచే మంట పొట్టిగా నుండి, తరచుగా రాత్రికే చల్లారును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఎండయు గాలియు హెచ్చుటచే మంట చెట్ల తలలకెక్కి దినములకొలది పరుగెత్తును. ముందుగా కాల్చిన తునుకలు ఆ తరువాతి మంటకు అడ్డుకట్టలగును. ఒకే తునుకను ప్రతియేట కాల్చరు. కొత్తగా కాలినది, కొంత పెరిగినది, ముదిరినది పక్కపక్కన నుండునట్లు చూతురు.

ఈ విద్య నూతనమైనది కాదు. పశ్చిమపు ఎడారిలోని మార్తూ ప్రజలు ఉడుముల వేటకై చిన్న చిన్న తునుకలను కాల్చుచుండిరి. 1953లో విమానమునుండి తీసిన ఛాయాచిత్రములలో అట్టి తునుకలు కానవచ్చుచున్నవి. 1950, 1960 దశాబ్దములలో ప్రజలు ఆ నేలను విడిచిరి. పిమ్మట పిడుగులచే అంటుకొన్న మంటలు అడ్డులేక విరివిగా వ్యాపించెను. 1980 దశాబ్దములో వారు కొందఱు తిరిగివచ్చిరి. 2006లో ఆర్నెమ్ ల్యాండు పశ్చిమభాగమున సుమారు 28,000 చదరపు కిలోమీటర్లలో ఆదిమవాసులు ముందుకాలపు దహనమును క్రమముగా నారంభించిరి. వెనుకటి పెద్ద మంటలు తగ్గి, వాని వలన గాలిలో చేరు మీథేను, నైట్రస్ ఆక్సైడు వాయువులును తగ్గినందున, ఒక సహజవాయు సంస్థ వారికి సొమ్ము చెల్లించెను. 2007లో కింబర్లీ ప్రాంతమున ఇట్టిదే మరియొక పని మొదలయ్యెను. అచట పశువుల మందలవారును, ఆదిమవాసులును తమ సరిహద్దులను ప్రక్కనబెట్టి, ఎవరి నేలలో ఎప్పుడు కాల్చవలయునో కలసి నిర్ణయించుకొనిరి. మంటకు కంచె తెలియదు గదా!

ఇది చదివి మన అడవిలో గాని, కోతకోసిన చేలో గాని నిప్పు పెట్టుట మేలని యెవరును తలంపరాదు. మన చెట్లు వేఱు, మన గడ్డి వేఱు, మన కాలము వేఱు. రక్షితారణ్యములో నిప్పు పెట్టుట చట్టరీత్యా నేరము. చేలోని మోడులను కాల్చినచో ఎరువు కాదగిన వస్తువు బూడిద పాలగును. మనము గ్రహింపదగినది రెండు సంగతులు: నిప్పును అది రాకమునుపే తలంచవలెను; ఒక్కడే తలంచిన చాలదు. గడ్డివాముల చుట్టును, పుంత గట్లయందును ఎండుగడ్డిని వేసవికి ముందే కోసి తీసివేయుటకు ఇరుగుపొరుగు సభ్యులు ఒక దినము ఏర్పరచుకొందురు గాక. వామి కాలిన పిదప పరుగెత్తి తెచ్చు నీటికంటె, ముందుగా పట్టిన కొడవలి మేలు.